లష్కర్‌లో మా జాగా

'మీ తెలుగు చాలా బాగుంది సార్. ఏ ఊరు మీది?'

ఈ మాట వినగానే మాకు గుండె జారుతుంది. మెచ్చుకున్నందుకు సంతోషపడాలి నిజానికి. కానీ తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో మాకు తెలుసు. పేరు అడుగుతారు. పేరు చెప్పగానే గేటు తీయబోయిన చెయ్యి ఆగిపోతుంది. 'అయ్యో, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయారండీ' అంటారు. టు-లెట్ బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంటుంది. మళ్లీ ఆదివారం పోయి చూసినా వేలాడుతూనే ఉంటుంది.

2010లో మా అబ్బా రైల్వేలో రిటైరయ్యాడు. మెట్టుగూడ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మేమప్పుడు ఒక తెలుగు పత్రికలో సబ్ ఎడిటర్లం. అంతకుముందు ఉర్దూ పత్రికలో పనిచేశాం. కొత్త ఇల్లు వెతకడానికి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ఒక్కో బస్తీకి ఒక్కో పేజీ. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, అల్వాల్, మౌలాలి. గీతలు కొట్టి గళ్లు చేశాం. మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, బస్సు ఎంత దూరం, పిల్లల బడి, ఆసుపత్రి, మసీదు, ఖబ్రస్తాన్, కిరాయి ఎంత. ఊరు మారే ఎవరైనా ఇవే రాసుకుంటారు. కాని మా నోటుబుక్కులో ఇంకో గడి ఉంది. దాని పైన రాసుకున్నది ఒకటే మాట: 'ఇస్తారా?'

మిగతా గళ్లన్నీ నిండినా ఆ ఒక్క గడి ఖాళీగా ఉంటే ఆ పేజీ కొట్టేయాల్సిందే. ఆ గడి ఎక్కణ్నుంచి వచ్చింది? ఈ ఊరు పుట్టినప్పుడే ఉందా? నడుమ ఎవరైనా గీశారా? ఇది తెలుసుకోవాలంటే ఊరి చరిత్ర తిరగేయాలి.

* * *

సికింద్రాబాద్‌ను పాతవాళ్లు ఇప్పటికీ 'లష్కర్' అంటారు. లష్కర్ అంటే సైన్యం. 1798లో రెండో నిజాం అలీ ఖాన్ ఇంగ్లీషు కుంపిణీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. కుంపిణీ పటాలాలు వచ్చి హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేశాయి. 1806లో ఆ డేరాల జాగాకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. కోట గోడ లేదు, దర్వాజాలు లేవు. ఖాళీ మైదానంలో గుంజలు పాతి కట్టిన ఊరు ఇది. ఉర్దూ అనే మాటకు అసలు అర్థం కూడా సైనిక విడిదే. అంటే మా భాష పేరూ, మా ఊరి పేరూ ఒకే డేరా కింద పుట్టాయన్నమాట.

పటాలం వెంట బజారు వస్తుంది. సిపాయిలకు బియ్యం కావాలి, గుర్రాలకు దాణా కావాలి, దొరలకు బట్టలుతికేవాళ్లు, వంటవాళ్లు, కుట్టుపనివాళ్లు కావాలి. మద్రాసు వైపు నుంచి మొదలియార్లు వచ్చారు. బొంబాయి వైపు నుంచి పార్సీలు, ఖోజాలు, మేమన్లు వచ్చారు. మార్వాడీలు వచ్చారు. చుట్టుపక్కల పల్లెల నుంచి మాల మాదిగలు, బోయీలు, దూదేకులవాళ్లు కూలికి వచ్చారు. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్, తిరుమలగిరి లాల్‌బజార్, పికెట్, కార్ఖానా. ఈ పేర్లు చూడండి. ఒక్కటీ కులం పేరు కాదు, మతం పేరు కాదు. అన్నీ పటాలం పేర్లు, పని పేర్లు.

మా హిందూ దోస్తులకు ఒక సంగతి గుర్తుచెయ్యాలి. ఉజ్జయిని మహంకాళి గుడిని సురిటి అప్పయ్య అనే పటాలం మనిషి కట్టించాడని చెప్పుకుంటారు. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉండి మొక్కుకున్నాడట. తిరిగొచ్చి అమ్మవారిని ఇక్కడ నిలిపాడట. ఆ జాతరను ఇప్పటికీ 'లష్కర్ బోనాలు' అంటారు. ఫార్సీ మాట పక్కన తెలుగు బోనం. ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. ఎందుకంటే ఈ ఊళ్లో అందరూ వలస వచ్చినవాళ్లే. 'మేం ఇక్కడివాళ్లం, మీరు ఎక్కడివాళ్లు' అని ఒకరినొకరు అడిగే అర్హత లష్కర్‌లో ఎవరికీ లేదు.

అయితే ఆ కాలం స్వర్గమని మేం చెప్పడం లేదు. తెల్లదొరల బంగ్లాలు ఒకవైపు, నల్ల సిపాయిల లైన్లు ఒకవైపు. ఎవడు ఎక్కడ ఉండాలో పటాలం నిర్ణయించేది. కంటోన్మెంట్‌లో చాలా బంగ్లాల కింది జాగా ఇవాళ్టికీ సైన్యానిదే, పైన కట్టడం మాత్రమే ఉన్నవాళ్లది. కానీ ఆ వేరు చెయ్యడం రంగును బట్టి, హోదాను బట్టి జరిగింది. హవల్దారు సాయిబూ, హవల్దారు నాయుడూ ఒకే వరసలో ఉన్నారు.

* * *

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో రైలు వర్క్‌షాపు పెట్టారు. పటాలం తర్వాత ఈ ఊరికి రెండో తల్లి రైలే. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ, సీతాఫల్‌మండి, ఈ బస్తీలన్నీ రైలు కూత విని లేచే బస్తీలు. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, తమిళ గార్డులు, ముస్లిం ఫిట్టర్లు, తెలుగు ఖలాసీలు.

మా దాదా ఈ ఊరికి రైల్లోనే వచ్చాడు. కానీ ఉద్యోగం కోసం కాదు, ప్రాణం కోసం.

మాది అప్పటి బీదర్ జిల్లా జహీరాబాద్ తాలూకాలో ఒక పల్లె. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ఆ తాలూకా మెదక్ జిల్లాలో కలిసింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యాలు హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చాయి. 18న నిజాం సేనాపతి ఎల్‌ఎద్రూస్ జనరల్ చౌదురికి లొంగిపోయాడు. పుస్తకాల్లో ఇక్కడితో కథ అయిపోతుంది. మా పల్లెల్లో ఇక్కడే మొదలైంది.

అంతకుముందు రజాకార్లు చేసిన దారుణాలను మేం దాచిపెట్టం, సమర్థించం. ఊళ్లు తగలబెట్టినవాళ్లు మా పేర్లవాళ్లే. కానీ దానికి బదులు చెల్లించింది రజాకార్లా? నాయకులు జైళ్లకో పాకిస్తాన్‌కో పోయారు. బదులు చెల్లించింది చేనూ చెలకా చేసుకునే సాయిబు, గుర్రానికి నాడా కొట్టే సాయిబు. ఢిల్లీ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో జిల్లాలు తిరిగింది. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం ఎక్కువని చెప్పింది. ఆ నివేదికను అచ్చెయ్యలేదు. జనం చూడగలిగింది 2013లో, అంటే అరవై అయిదేళ్ల తర్వాత.

మా దాదీని, ఆమె చంకలోని బిడ్డను పది రోజులు తన జొన్న గాదె వెనక దాచింది ఒక లింగాయతుల ముసలమ్మ. ఈ మాట చెప్పకపోతే మాకు అన్నం సహించదు. పదకొండో రోజు దాదా వాళ్లను తీసుకుని బీదర్ లైన్‌లో రైలెక్కాడు. వికారాబాద్‌లో బండి మారి సికింద్రాబాద్‌లో దిగాడు. లాలాగూడలో దూరపు చుట్టం ఒకాయన ఖలాసీగా ఉన్నాడు. ఆ ఒక్క చిరునామా తప్ప దాదాకు ఇంకేమీ తెలియదు. బస్తీ ఎంచుకోవడం అంటారే, అది ఆయన విషయంలో జరగనే లేదు. ఎవరు తలుపు తీస్తే అదే బస్తీ.

అట్లా వచ్చిన కుటుంబాలు వేలు. పల్లెలో భూమి పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అది న్యాయమే, కానీ జాగీర్ల కింద చిన్న నౌకర్లు చేసుకునేవాళ్లు కూడా రోడ్డున పడ్డారు. కచేరీల్లో ఉర్దూ పోయింది, ఉర్దూ చదువు మీద బతికేవాడి బతుకు పోయింది. కొందరు మూసీ అవతల పాతబస్తీలో సర్దుకున్నారు. కొందరు భోలక్‌పూర్ తోళ్ల మండీల్లో, వారాసిగూడలో, ముషీరాబాద్‌లో తల దాచుకున్నారు.

అదే కాలంలో సింధ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన హిందువులూ ఈ ఊళ్లో దిగారు. వాళ్ల పేరున సికింద్రాబాద్‌లో సింధీ కాలనీ ఉంది. వాళ్ల కష్టం మా కష్టం లాంటిదే. ఈర్ష్య లేదు మాకు. ఒక్కటే అడుగుతాం. దేశం వాళ్లను కాందిశీకులు అంది. కాందిశీకుల కోసం ఒక మంత్రిత్వశాఖే పెట్టింది. మా దాదాలను ఏమంది? ఏమీ అనలేదు. సొంత రాజ్యంలోనే ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పారిపోయినవాడికి ఏ కాగితంలోనూ పేరు లేదు.

* * *

మా దాదా లాలాగూడ వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. 1950లో నిజాం రైల్వే భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. మా అబ్బా అందులో గుమాస్తాగా చేరాడు. మెట్టుగూడలో క్వార్టర్ వచ్చింది.

దాదా ఒక మాట అంటుండేవాడు. 'ఘర్ నక్కో దేఖో, చావీ కిస్‌కే హాత్ మే హై వో దేఖో.' ఇల్లు చూడకు, తాళంచెవి ఎవరి చేతిలో ఉందో అది చూడు. చదువులేని ఖలాసీ చెప్పిన ఈ ఒక్క మాటలో ఈ ఊరి చరిత్ర మొత్తం ఉంది.

రైల్వే క్వార్టర్ తాళంచెవి రైల్వే చేతిలో ఉంటుంది. గ్రేడు ఏమిటి, సర్వీసు ఎంత, ఇదే లెక్క. కాబట్టి మా ఇంటికి కుడిపక్క అయ్యంగార్లు, ఎడమపక్క క్రైస్తవులు, వెనక యాదవులు. మా మాంసం వాసన వాళ్లు భరించారు, వాళ్ల ఇంగువ వాసన మేం భరించాం. వాళ్లు మమ్మల్ని ఎంచుకోలేదు, మేం వాళ్లను ఎంచుకోలేదు. ఎంచుకునే వీలు లేనందుకే కలిసి బతకడం నేర్చుకున్నాం. అయ్యంగారి మామి మా అమ్మీకి కోలం వెయ్యడం నేర్పింది. రంజాన్‌కు మా షీర్‌ఖుర్మా గిన్నె నాలుగిళ్లకు పోయేది. మామి తినేది కాదు, కాని గిన్నెలో చక్కెర పోసి తిప్పి పంపేది.

1990 డిసెంబర్‌లో నగరంలో మతకల్లోలం జరిగింది. వందమందికి పైగా చనిపోయారు. ముఖ్యమంత్రి చెన్నారెడ్డి దిగిపోయాడు. రెండేళ్లకు అయోధ్యలో మసీదు కూలింది. మా క్వార్టర్లలో ఎవరికీ గాయం తగల్లేదు. కానీ నగరం పటం మారిపోయింది. పాతబస్తీ లోపలి గల్లీల్లోని హిందువులు ఇళ్లు అమ్ముకుని ఇవతలికి వచ్చారు. అటూ ఇటూ కాని బస్తీల్లో ఉన్న మావాళ్లు అమ్ముకుని టోలిచౌకి, మెహదీపట్నం వైపు పోయారు. గల్ఫ్ డబ్బు ఉన్నవాడు మేడ కట్టాడు, లేనివాడు నాలాల పక్కన రేకులు వేశాడు. ఒకప్పుడు ఊరు పనిని బట్టి పెరిగింది. ఇప్పుడు భయాన్ని బట్టి పెరిగింది.

సరిగ్గా ఆ కాలంలోనే సికింద్రాబాద్ తూర్పు, ఉత్తర శివార్లలో పొలాలు ప్లాట్లవుతున్నాయి. ఇక్కడ తాళంచెవులు చేతులు మారాయి. సైనిక్‌పురి లాంటిచోట మాజీ సైనికుల సహకార సంఘం కట్టుకుంది. మౌలాలిలో హౌసింగ్ బోర్డు కాలనీ వేసింది. పబ్లిక్ రంగ ఫ్యాక్టరీలు తమ కార్మికులకు క్వార్టర్లు కట్టాయి. ఇక్కడిదాకా ఏదో ఒక నియమం ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ప్లాట్ల వ్యాపారి, బిల్డరు, ఇంటి ఓనరు, అపార్ట్‌మెంట్ కమిటీ. వీళ్లకు నియమం లేదు. ఇష్టమే ఉంది. ప్రభుత్వం ఇళ్లు కట్టడం తగ్గిన కొద్దీ, ఓనరు ఇష్టం పెరిగిన కొద్దీ, మా నోటుబుక్కులోని ఆ గడి పెద్దదవుతూ వచ్చింది. అది పాత పగల ముచ్చట మాత్రమే కాదు. తాళంచెవి ముచ్చట.

* * *

మళ్లీ ఆ ఆదివారాల దగ్గరికి వస్తాం.

మల్కాజిగిరిలో ఒక రిటైర్డ్ మాస్టారు గంటసేపు మాతో తెలుగు పద్యాల గురించి మాట్లాడాడు, కాఫీ ఇచ్చాడు. పేరు చెప్పాక తల దించుకున్నాడు. 'నాకేం పట్టింపు లేదండీ, మా ఆవిడ ఒప్పుకోదు' అన్నాడు. ఈ 'మా ఆవిడ' ప్రతి కాలనీలోనూ ఉంటుంది. ఆమె ఎప్పుడూ బయటికి రాదు. ఆయన అభ్యుదయాన్ని కాపాడుతూ లోపల ఎక్కడో పూజ చేసుకుంటూ ఉంటుంది. ఇంకోచోట శాకాహారులకే అన్నారు. అదే ఇంట్లో పైవాటాలో ఆదివారం కోడి ఉడుకుతోంది. ఒక బ్రోకరు నిజాయితీపరుడు. 'ఎందుకు తిరుగుతరు సార్, టోలిచౌకి పోండి, మీవాళ్లంత ఆడ్నే ఉన్నరు' అన్నాడు. మేం అరవై ఏళ్లుగా లష్కర్ వాళ్లం. మా దాదా ఖబర్ ఇక్కడుంది. నగరం ఆ చివర మావాళ్లెవరు?

తర్వాతి సంగతి మావాళ్లకు కోపం తెప్పిస్తుంది. అయినా రాయాలి. మా మొహల్లాల్లోనూ తిరిగాం. అక్కడ పేరు దగ్గర ఆగలేదు. 'సయ్యదులా, షేకులా?' అన్నాడు ఒకాయన. 'దూదేకులోళ్లయితే చెప్పండి, దాచొద్దు' అన్నాడు. ఇంకోచోట ఏ జమాత్ అని అడిగారు. మా చెల్లె బురఖా లేకుండా వచ్చిందని ఒక ఇంటి ఖాలా మొహం తిప్పుకుంది. ఖురేషీలకు ఇల్లివ్వని షరీఫ్ మొహల్లాలు మా దాంట్లో లేవా? గేటు దగ్గర మమ్మల్ని పేరు అడిగినవాడు తప్పు చేస్తే, మేం దర్వాజా దగ్గర జాతి అడగడం ఏమిటి? దళిత దోస్తులు ఈ ప్రశ్నను మాకంటే ముందు నుంచి, మాకంటే ఎక్కువ భరిస్తున్నారు. వాళ్లు ఇంటిపేరు మార్చుకుని, గోడ మీద ఫోటోలు దాచుకుని ఇళ్లు తీసుకున్నారు. మాకు ఆ అవకాశం కూడా లేదు. మా పేరు మా నుదుటనే ఉంది.

ఇందులో చట్టం ఏమంటుందని సెక్యులర్ మిత్రులు అడగొచ్చు. రాజ్యాంగం 15వ అధికరణం ప్రభుత్వాన్ని కట్టేస్తుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్లు అందరివీ అంటుంది. కిరాయి ఇల్లు అందులో లేదు. ఒక సహకార సంఘం తన మతం వాళ్లకే ఇళ్లు అని నియమం పెట్టుకోవచ్చని 2005లో అహ్మదాబాద్ పార్సీల సొసైటీ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2006లో సచార్ కమిటీ, ముస్లింలకు ఇళ్లు కొనడం, కిరాయికి దొరకడం కష్టంగా ఉందని, భయంతో ఒకేచోటికి చేరుతున్నారని రాసింది. రాసి ఊరుకుంది. ఒకేచోట ఉంటే ఘెట్టో అంటారు, మతమౌఢ్యం అంటారు. బయటికొస్తే గేటు తీయరు. మరి మేం ఎక్కడుండాలి?

మాతో మెట్టుగూడలో క్రికెట్ ఆడిన దోస్తు ఒకడు అమెరికాలో డాలస్ శివార్లలో ఇల్లు కొన్నాడు. మంచి బడి, గుడి దగ్గర, తెలుగువాళ్లు చాలామంది. ఫోన్‌లో గొప్పగా చెప్పాడు. సంతోషించాం. కానీ ఆ దేశంలో ఒకప్పుడు ఇళ్ల దస్తావేజుల్లోనే నల్లవాళ్లకు, యూదులకు, ఆసియావాళ్లకు అమ్మరాదని రాసుకునేవాళ్లు. అట్లాంటి షరతులను కోర్టులు అమలు చెయ్యకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. మా దాదా రైలెక్కిన సంవత్సరమే అది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, రంగు చూసి, మతం చూసి, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడం కుదరదని చట్టం వచ్చింది. అక్కడ వివక్ష పోయిందని మేం అనం. కానీ గేటు దగ్గర పేరు అడిగి వెనక్కి పంపితే కోర్టుకు పోయే దారి ఉంది. నల్లవాళ్లు నెత్తురు ధారపోసి తెచ్చుకున్న ఆ చట్టం నీడలో మా దోస్తు ఇల్లు చల్లగా ఉంది. ఇక్కడ వాళ్ల నాన్న వాటా ఒకటి ఖాళీగా ఉంది. అడిగాం. 'కమిటీ వాళ్లు ఊరుకోరురా' అన్నాడు.

* * *

చివరికి మౌలాలిలో దొరికింది. గుట్ట కింద, ఒక రిటైర్డ్ నర్సమ్మ ఇల్లు. పేరు చెప్పాం. 'మంచిది నాయినా, నీళ్లెంత వాడతరు? బోరు ఎండాకాలం సరిగ్గా రాదు' అంది. అంతే. మా నోటుబుక్కులో లేని ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. ఆ ప్రశ్నకు మా అమ్మీ ఏడ్చింది.

మౌలాలి గుట్ట మీద కుతుబ్‌షాహీల కాలం నాటి హజ్రత్ అలీ దర్గా ఉంది. గుట్ట కింద 1824లో కన్నుమూసిన ఉర్దూ కవయిత్రి మహ్‌లఖాబాయి చందా సమాధి ఉంది. రజబ్ నెలలో ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ మెట్లెక్కుతారు. హజ్రత్ అలీ పేరే మౌలా అలీ, అదే మౌలాలి. ఇక్కడి హిందూ కుటుంబాలు తమ చిరునామాలో రోజూ ఆ పేరు రాసుకుంటాయి. పెళ్లి శుభలేఖల్లో, పిల్లల సర్టిఫికెట్లలో, రేషన్ కార్డుల్లో. అదే కాలనీలో షేక్ మౌలాలి అనే పేరున్న మనిషి టు-లెట్ బోర్డు చూసి వస్తే ఇల్లు లేదంటారు. ఊరికి మా పేరు పనికొస్తుంది. ఊళ్లో మేం పనికిరాం.

దాదా తరానికి ఎంపిక లేదు. ప్రాణం దక్కితే చాలు. అబ్బా తరానికి ఎంపిక అక్కరలేకపోయింది. రైల్వే ఇచ్చింది. మా తరానికి ఎంపిక ఉందన్నారు, నోటుబుక్కు కొనుక్కున్నాం. మా చెల్లె కూతురికి మొన్న గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బ్రోకరు బదులు ఫోను. గేటు దాకా పోనక్కరలేదు. పేరు కొట్టగానే జవాబు రావడం ఆగిపోతుంది. మామూ, నీ నోటుబుక్కు ఇంకా ఉందా అని అడిగింది. ఉందన్నాం. గళ్లు చూసి నవ్వింది. మెట్రో స్టేషన్, ఇంటర్నెట్ అని రెండు కొత్త గళ్లు గీసుకుంది. చివరి గడి దగ్గర ఆగి మా మొహంలోకి చూసింది.

దాన్ని కొట్టేయమని చెప్పాలని ఉండె మాకు. చెప్పలేకపోయాం. ఆ గడిని కొట్టేయాల్సింది మేం కాదు. గేటు లోపల ఉన్నవాళ్లు కొట్టేయాలి, వాళ్లు కొట్టేయకపోతే చట్టం కొట్టేయాలి. అప్పటిదాకా ఆ పిల్ల ముందు ఆ గడే నింపుకుంటుంది, నీళ్ల సంగతి తర్వాత అడుగుతుంది.